తడిగోనెలో మూడు రోజులు

పానకాలు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. వ్యవసాయ కళాశాలలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఎదురుగా జరిగేది చూడమంటారు. ఆ ఉదయం ఆయన శిష్యురాలు సువార్త మాత్రం చూడ్డానికి రాలేదు, ఆయన్ని నిలదీయడానికి వచ్చింది.

"నేను తిరిగొచ్చి తప్పు చేశానా మాస్టారూ?" అంది, వాకిట్లో చెప్పులైనా విప్పకుండా.

ఆ పిల్ల నెదర్లాండ్స్‌లో ఐదేళ్లుండి చౌడు నేలల మీద డాక్టరేట్ చేసింది. అక్కడే ఉండమన్నారు. మన సముద్రపొడ్డు పొలాలు ఉప్పు పట్టిపోతున్నాయని వచ్చేసింది. మన కళాశాల ఆమెని ఇంటర్వ్యూకైనా పిలవకుండా దరఖాస్తు తిప్పి పంపింది. విదేశీ పట్టా ఇక్కడి పట్టాకి సమానమేనని పైనుంచి కాగితం తేవాలట. ఆ కాగితానికి ఎనిమిది నెలలు పడుతుంది, దరఖాస్తుకి గడువు నెల! ఇలాంటి రూలు పెట్టినవాళ్లని ఏమనాలో నాకు తెలుసు గాని, మాస్టారి కథలో ఆ మాటలు రాయకూడదు. నెదర్లాండ్స్ ల్యాబుకి తిరిగి వస్తానో రానో ఆమె రేపటిలోగా చెప్పెయ్యాలి.

"కూర్చో అమ్మా" అన్నారు మాస్టారు.

అంతలో వెనక ఒక కూలీతో వాకిట్లో ట్రాక్టరు ఆగింది. దిగినాయన కళాశాల రిజిస్ట్రారు నాగభూషణం గారు. ఆమె దరఖాస్తు తిప్పి పంపుతూ సంతకం పెట్టింది ఆయనే. అయినా ఆమెని గుర్తుపట్టలేదు. ఎప్పుడైనా చూస్తేగా!

"మా పొలం చౌడెక్కిపోయింది మాస్టారూ. ఉప్పుని తట్టుకునే మీ వడ్లు మూడు బస్తాలు కావాలి. నారుమడి దున్నించేశాను."

"ఇవి ఇంట్లో దాచుకున్న వడ్లు. సర్టిఫికెట్ లేదే?"

"సర్టిఫికెట్ దేనికండీ! మొన్నీమధ్య గుప్పెడు పట్టుకెళ్లి తడిగోనెలో కట్టి చూశాగా. మూడోనాటికి వందకి తొంభై మొలిచాయి. మొలక కళ్ల ముందుంటే కాగితంతో ఏం పని?"

సువార్త దిగ్గున లేచింది. ఆమె కళ్లలో నీళ్లు, కోపంతో వచ్చినవి. నాకైతే ఒళ్లు మండిపోయింది.

అరుగు మీది బస్తా ఎత్తబోతున్న కూలీని మాస్టారు ఆపారు. "ఈ అమ్మాయి సువార్త. చౌడు నేలల డాక్టరు. పోయిన వారం మీరు తిప్పి పంపారు" అన్నారు రిజిస్ట్రారుతో.

నాగభూషణం గారు బస్తా మీద చెయ్యి వేశారు. "అది రూలు మాస్టారూ. నా చేతుల్లో ఏముంది?"

"బస్తాలు లోపల పెట్టెయ్యి నాయనా" అన్నారు మాస్టారు కూలీతో.

"అయ్యయ్యో, అదను దాటిపోతుందండీ!"

"దాటిపోతుంది" అన్నారు మాస్టారు. "వడ్లకి మూడు రోజులిచ్చారు. ఈ పిల్లకి ఒక్క గంటైనా ఇవ్వాల్సింది."