కర్రెద్దు రెండుసార్లు తీసిన గింజ

తుమ్మల అడవిలో వానలు మొదలయ్యాయంటే కాల్లో ముల్లు దిగని జంతువు ఉండదు. ముల్లు తీసి, చీముగడ్డ చీల్చి, పుండు కడిగేది వడ్రంగిపిట్ట సూదమ్మ. ఆమె ముక్కుకి తిరుగులేదని అడవంతా ఒప్పుకుంది. సూదమ్మ మాత్రం దేన్నీ ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఎవరు మంచిమాట చెప్పినా, దీని వెనక ఏముందా అని మెడ పక్కకి వంచి చూస్తుంది.

అలాంటి సూదమ్మ ముందుకి నక్క ఒక ఆకుముద్ద పట్టుకొచ్చింది.

"ఇంకా ఆ పసుపేనా డాక్టరమ్మా? ఇది పూస్తే మూడ్రోజుల్లో పుండు మాయం. ఆకు మా గుహ వాకిట్లో తప్ప మొలవదు. కుంటేవాళ్లు అక్కడికొచ్చి పూయించుకుపోతే చాలు, ఇంకేమీ అడగను."

కుంటే కుందేళ్లు నక్క గుహకి వెళ్లడమా! సూదమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"ముందు పరీక్ష పెడతాను మామా."

"పెట్టు. నీ అంత చెయ్యి తిరిగినవాళ్లు ఎవరున్నారు?"

పరీక్ష పెట్టడం సూదమ్మకి నేర్పుతున్నది తాబేలవ్వ. ముల్లు తీయడం వేరు, మందు తేల్చడం వేరు అని పోయిన వానాకాలం నుంచీ పోరుతోంది. సొరబుర్రలో గింజలు పోసి, సగం గింజలకి మసి పూయాలి. రెండు మందుల్లో ఏదొచ్చినా సమ్మతమేనా అని ప్రతి జంతువునీ అడగాలి. ఒప్పుకున్నవాళ్లు కళ్లు మూసుకుని ఒక గింజ తీయాలి. మసిగింజకి కొత్త ఆకు, తెల్లగింజకి పాత పసుపు.

సూదమ్మ నక్కని దూరంగా కూర్చోబెట్టింది. సొరబుర్ర తాకనివ్వలేదు, రోగులతో మాట్లాడనివ్వలేదు.

చిన్న ముల్లు గుచ్చుకున్న కుందేలుకి మసిగింజ వచ్చింది. తర్వాత కర్రెద్దు వచ్చింది. గిట్టలో ముల్లు విరిగి మోకాలిదాకా వాపు. దానికీ మసిగింజే.

నక్క కూర్చున్నచోటు నుంచే నిట్టూర్చింది. "పాపం, ముసలి ప్రాణం. కొత్త మందు దానికెందుకు? నాదే అయినా నేనే వద్దంటున్నాను. పుండు చూడగానే తెలిసేది నీకు, గింజకేం తెలుసు?"

తన మందుని తనే వద్దంటోందంటే ఇందులో ఏదో ప్రమాదం ఉండే ఉంటుందని సూదమ్మ అనుమానించింది.

"మళ్లీ తియ్యి తాతా," అంది.

ఈసారి తెల్లగింజ వచ్చింది. ఆ రోజే మసిగింజ వచ్చిన ఇంకో మూడు పెద్ద పుళ్లకీ అలాగే తెల్లగింజ వచ్చేదాకా మళ్లీ తీయించింది.

వారం తిరిగేసరికి ఆకు పూసుకున్నవాళ్లు గంతులేస్తున్నారు, పసుపు పూసుకున్నవాళ్లు మూలుగుతున్నారు. నక్క అప్పుడే గుహ వాకిలి ఊడవడం మొదలెట్టింది.

"మోసం ఎక్కడ జరిగిందో దొరకట్లేదవ్వా. దాన్ని దగ్గరికే రానివ్వలేదు," అంది సూదమ్మ.

"ఎద్దు ఎన్నిసార్లు గింజ తీసింది?"

సూదమ్మ ముక్కుని కొమ్మకేసి రుద్దుకుంది.

"నిన్నే అమ్మాయ్."

"రెండుసార్లు. జాలేసింది."

"పెద్ద పుళ్లన్నీ పసుపు వైపు తోశావు. చిన్నవి ఆకుకి మిగిల్చావు. ఎద్దుకి ప్రమాదం అనుకుంటే దాన్ని పరీక్షలోకే తీసుకోకుండా ఉండాల్సింది. గింజ తీశాక నీ జాలికి అక్కడ పనిలేదు."

"ఇన్నేళ్లు కోశాను, నా చూపుని నేను నమ్ముకోకూడదా?"

"కోసేటప్పుడు నమ్ముకో."

సూదమ్మ వెళ్లి ఎద్దు కాలు మళ్లీ కోసి, చీమునంతా తీసి, తప్పు తనదేనని చెప్పింది. తర్వాత కొత్తగా ముళ్లు దిగినవాళ్లతో పరీక్ష మొదటినుంచీ పెట్టింది. ఈసారి అవ్వే రెండు మందుల్నీ ఒకే ఎర్రమట్టిలో, ఒకే వేపనూనెతో కలిపి రెండు దొప్పల్లో పెట్టింది. మసిగింజకి ఒక దొప్ప, తెల్లగింజకి ఒక దొప్ప; ఏ దొప్పలో ఏ మందో ఈసారి అవ్వకి తప్ప ఎవరికీ తెలియదు. పుండు మానిందో లేదో చెప్పేది గేదె. దానికి గింజల సంగతే తెలియదు.

"నా ముద్ద ఏ దొప్పలో ఉంది?" అనడిగింది నక్క.

"నాకే తెలీదు మామా. నామీద నాకే అనుమానమొచ్చి అవ్వకి అప్పగించాను."

పదోరోజున గేదె అందరినీ నడిపించి చూసింది. తెల్లగింజవాళ్లు చక్కగా నడిచారు. మసిగింజవాళ్లు సగానికిపైగా ఇంకా కుంటుతున్నారు.

నక్క ఛాతీ విరుచుకుని నడుమకొచ్చింది. "చూశారుగా, నడిచేవాళ్లంతా నా ఆకు పూసుకున్నవాళ్లే. కుంటించే ఆ రెండోదాన్ని ఇంకెవరూ కాళ్లకి పూయకూడదు. ఏమంటారు?"

"మాట మీద ఉంటావా మామా?" అంది సూదమ్మ.

"ఉంటాను."

తాబేలవ్వ మసిగింజ దొప్పని ముందుకి నెట్టింది. సూదమ్మ ముక్కుతో అడుగు గోకింది. ఎర్రమట్టిలోంచి పచ్చటి ఆకుపీచు బయటపడింది. రెండోది గోకితే పసుపు.

కుందేళ్లు నక్క ముఖంలోకి చూశాయి. గేదె కొమ్ములు దించింది.

నక్క ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, "ఇంకొక్కసారి గింజలు తీయిద్దాం డాక్టరమ్మా," అంది.

"ఎవరైనా ఒక్కసారే తీయాలి మామా," అంది సూదమ్మ.

నీతి: ఎదుటివాళ్లని అనుమానించడం అందరికీ వస్తుంది, మందుకి పరీక్ష పెట్టేవాళ్లు ముందు తమ చేతిని అనుమానించాలి.