అద్దకపువీధి అల్లుడు

ఎప్పటి మాటో నాయనలారా, వినండి. సముద్రపొడ్డున సిరివాడ అనే పట్నం, దానికొక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. తెల్లవారితే చాలు, తోలుతిత్తులతో నీళ్లవాళ్లు, పల్లకీ బోయీల కేకలు, తమలపాకుల గంపలు. రేవు నిండా పారసీకపు ఓడలు, ఒలందా ఓడలు. ఎందుకొచ్చేవనుకున్నారు? మన అద్దకపువీధి ఎర్రబట్ట కోసం!

ఏడు సముద్రాల అవతలున్న మాంత్రికుడు ఆ బట్ట మీద కన్నేశాడు. ఒకనాడు సుడిగాలి లేపి అద్దకం చేసే మగవాళ్లందర్నీ ఎత్తుకుపోయాడు. "నీకు మేం బట్ట అద్దం పో" అన్నారు వాళ్లు. అందర్నీ రాళ్లను చేశాడు. వీధిలో రంగు కాగులు చల్లారాయి. రేవులో ఓడలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

పెద్ద రాజకుమారుడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు కమలాకరుడు బయల్దేరుతుంటే, అద్దకపు పెద్ద ముత్తయ్య కూతురు పేరిందేవి దారికడ్డం నిలబడింది.

"మా అయ్య అక్కడున్నాడు. నేనూ వస్తాను."

"ఏడు సముద్రాలమ్మాయ్!"

"ఏడుదాకా లెక్క నాకూ వచ్చు దొరా. నడవండి."

ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును ఇద్దరూ కలిసి తిరగేశారు. "నా వీపెక్కండి బిడ్డలారా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

ఆ దీవిలో వెయ్యి చిలకలు. అన్నిటి మెడలోనూ ఎర్రగీత. "మాంత్రికుడి ప్రాణం ఒక్కదాంట్లోనే ఉంది, మిగతావి మాయ" అంది తాబేలు. "మాయచిలకను ముట్టుకుంటే రాయైపోతారు. మీ పెద్దన్న లావుదాన్ని పట్టాడు, చిన్నన్న తియ్యగా పలికేదాన్ని పట్టాడు. అరుగో, ఇద్దరూ!"

రాయైన అన్నల్ని చూసి కమలాకరుడు చిలకల వైపు చాచిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి పేరిందేవీ."

"ఉతక్కుండా రంగు సంగతి ఎవరు చెప్పగలరు దొరా? మా వీధిలో బట్ట నీళ్లకు నిలిచాకే ఓడెక్కేది. తాబేలమ్మా, చల్లు!"

తాబేలు కాళ్లతో సముద్రాన్ని చిమ్మింది. మొదటిసారికి ఎరుపు కారింది. రెండోసారికి పచ్చదనం కారింది. మూడోసారికి మాయచిలకలన్నీ పొగైపోయాయి. ఒక్కటి మాత్రం తడిసి మరింత నిగనిగలాడుతూ మిగిలింది. కమలాకరుడు చటుక్కున పట్టేశాడు.

మాంత్రికుడు రొప్పుతూ వచ్చాడు. "వదులు నాయనా, నా రాజ్యమిస్తా!"

"రాజ్యం మాకుంది. మా మనుషుల్నివ్వు."

రాళ్లన్నీ మనుషులయ్యాయి. అంతలో వాడు కత్తి దూసి మీదికురికాడు. కమలాకరుడు చిలక మెడ నులిమాడు. వాడక్కడే కూలాడు.

ఆ దీవి రేవులో ఉన్న వాడి ఓడలోనే అందరూ సిరివాడ చేరారు. రాజు నిండుసభలో ముత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ కూతుర్ని నా కోడల్ని చేసుకుంటాను" అన్నాడు.

"మహాప్రభో, మా ఆచారం ఒకటుంది. మా వీధి అల్లుడు ముందు ఏడాదిపాటు కాగు దగ్గర పనిచెయ్యాలి."

"రాజకుమారుడా? కాగు దగ్గరా?" మంత్రి గుడ్లురిమాడు.

కమలాకరుడు అప్పటికే నడుముకు కండువా బిగిస్తున్నాడు. పేరిందేవి నవ్వు దాచుకోలేక తల దించుకుంది.

ఏడాది నిండాక పెళ్లయింది. తమ ప్రాణం నిలిపిన తమ్ముడికే అన్నలు సింహాసనం ఇప్పించారు. పట్టాభిషేకానికొచ్చిన ఒలందా ఓడ పెద్ద, "ప్రభువుల చేతులేమిటి, ఇలా ఎర్రబడ్డాయి?" అన్నాడు.

కమలాకరుడు రెండు చేతులూ సభంతా కనబడేలా పైకెత్తాడు. "ఇది మా పట్నం రంగు, అయ్యా. కడుక్కుంటే పోదు."

ఆ చేతులతోనే అరవై ఏళ్లు ఏలాడు. ఆ పట్నాన్ని కాచిన అమ్మవారు మిమ్మల్నీ కాచుగాక, నాయనలారా.