సున్నపు మెట్లు

ఊళ్ళకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక రాతికొండ కింద సుంకులమ్మ అని రాళ్ళు కొట్టే మనిషి ఉండేది. చేతిలో ఉలి, సుత్తి. నోట్లో పెద్ద మాట.

కొండకు ఇవతల ఊరు, అవతల నీళ్ళ ఊట. మధ్యలో నున్నటి బండ. కడవలెత్తుకున్న ఆడవాళ్ళు జారుతూనే ఉండేవాళ్ళు.

ఒక ఉగాదినాడు సుంకులమ్మ లేచి, "మళ్ళీ ఉగాదికల్లా కొండ కొసదాకా మెట్లు కొడతా!" అంది. రాయి కొట్టేముందు సున్నంతో గీత గీయడం రాళ్ళు కొట్టేవాళ్ళ పద్ధతి. ఆమె కొండంతా ఒకేసారి గీసేసింది. తెల్లగా, నిజం మెట్లలాగే కనబడ్డాయి. ఊరు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకే ఆమెకు కడుపు నిండింది. ఒక్క మెట్టు కొట్టి ఊరుకుంది.

రెండో ఉగాదికి వాన కడిగిన గీతల్నే మళ్ళీ గీసింది. ఒక్క మెట్టు కొట్టింది. మూడో ఉగాదికీ అంతే. కొండనిండా గీతలు, అడుగున మూడు మెట్లు.

"ఏం సుంకులక్కా, కొండకు ముగ్గేస్తాండావా?" అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఆమె తల దించుకుని డొంకదారి పట్టేది.

ఆ ఏడే పక్కింటికి చౌడమ్మ కోడలుగా వచ్చింది. పొద్దు పొడవకముందే, ఏమీ కనబడని చీకట్లో ఊటకు పోయింది. నిండు కడవతో తిరిగొస్తుంటే, మసకలో పైనుంచి తెల్లటి మెట్లు కనబడ్డాయి. నమ్మి కాలు పెట్టింది.

కింద దాకా దొర్లింది. కాలు విరిగింది.

సుంకులమ్మ చూడబోయింది. కొత్తపిల్లకేం తెలుసు? "ఆ గీతలు ఎవురు గీసినారక్కా?" అని అడిగింది.

"నేనే," అంది సుంకులమ్మ.

"కొట్టలేనిదానివి గీసిందెందుకే?" అంది చౌడమ్మ అత్త.

చౌడమ్మ గోడవైపు తిరిగింది. "నాకు కొండంతా వద్దక్కా. నేను లేచే నాటికి ఒక్క మెట్టు చాలు. నిజమైంది."

సుంకులమ్మ ఆ రోజే కొబ్బరిపీచు తీసుకుని, ఊరంతా చూస్తుండగా, కొండమీది గీతలన్నీ తుడిచింది. ఒక్కటే మిగిల్చింది. ఆ మెట్టు అయ్యాకే ఇంకో గీత గీసింది.

"కొండ ఎప్పటికైతాదక్కా?" అని అడిగేవాళ్ళు.

"కొండ సంగతి నాకు తెలీదు. ఈ మెట్టు అమాసకు."

ప్రతి అమాసకూ చౌడమ్మ కుంటుకుంటూ వచ్చి కొత్త మెట్టు మీద నిలబడేది. బాగుందనేది. సుంకులమ్మ మాత్రం ఆ కాలివైపు చూడలేక ఉలివైపే చూసేది. ముసలిదైనా ఆ సిగ్గు పోలేదు. మెట్లూ ఆగలేదు.

కొస ఇంకా కొంచెం ఉందనగా సుంకులమ్మ పోయింది.

ఆమెను సాగనంపిన మర్నాడు చౌడమ్మ కడవతో ఎక్కింది. ఆఖరి మెట్టు మీద ఆగి, వెనకవాళ్ళకు వినబడేలా, "సుంకులక్క ఇంతవరకే!" అని కేక వేసింది. ఎగతాళికి కాదు. ఎవరూ జారకూడదని.

ఇప్పటికీ ఆ మెట్టు దగ్గర, ముందు నడిచే మనిషి ఆ కేక వేయాల్సిందే. వెనకవాళ్ళు మాటలాపి, కాలు చూసుకుని బండ ఎక్కుతారు.