ఏసీ పెట్టె కింద విస్తరి

తెనాలిలో లక్ష్మణావధానులు గారికి ఒక అలవాటుండేది. సాయంత్రం పాఠంలో శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే ఆయన అక్కడికక్కడే జవాబు చెప్పేవారు కారు. "రేపు మీ ఇంట్లో భోంచేస్తాను" అనేవారు. అడిగినవాడి ఇల్లు చూడందే వాడడిగిన మాట అర్థం కాదని ఆయన నమ్మకం. అందుకే ఆ పాఠంలో ప్రశ్నలు బహు తక్కువ. ఇంట్లో వంట చేసే మనిషితో ముందు మాట్లాడుకోకుండా నోరు విప్పే ధైర్యం ఎవరికుంటుంది మరి!

మండుటెండల్లో ఒకనాడు కోదండరామయ్య ఆ ధైర్యం చేశాడు. ఆయనకి బజార్లో ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, తలుపు బిగుసుకుపోయినా మరొకరి చెయ్యి పడనివ్వడు. అలాంటి మనిషి లేచి, "గురువుగారూ, మన పని మనమే చేసుకోవడం మంచిదా, ఆ పని తెలిసినవాడి చేతిలో పెట్టడం మంచిదా?" అని అడిగాడు. అవధానులు గారు మామూలు మాటే అన్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ ప్రశ్న వేదాంతంలోంచి పుట్టింది కాదు, ఏసీలోంచి పుట్టింది. కూతురు ప్రసూన తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి మగపిల్లాణ్ణి కన్నది. మేడమీద గది నిప్పుల గుండమైపోతోంది. పసివాడి వీపంతా చెమటకాయలు. వాడు ఏడుస్తుంటే ఇల్లంతా మేలుకునేది. బారసాలకి వస్తున్న వియ్యపురాలు ఫోనులో తెగేసి చెప్పింది. "అన్నయ్యగారూ, నేనొచ్చేసరికి గది చల్లగా లేకపోతే తల్లినీ పిల్లాణ్ణీ ఆ సాయంత్రమే మా ఇంటికి తీసుకుపోతాను." మూడోనెల దాకా ఉండాల్సిన పిల్ల! కోదండరామయ్య పరుగున వెళ్ళి ఏసీ కొనుక్కొచ్చాడు. తీరా బిగించే మెకానిక్ ఎండాకాలం కదా, చేతినిండా పనే, బారసాల దాటితేగాని రాలేనన్నాడు.

"వాడొచ్చేదేమిటి, నేను లేనూ?" అని కోదండరామయ్య ఫోనులో వీడియోలు చూశాడు, డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చాడు. "మీకు అన్నీ వచ్చు, ఆగడం ఒక్కటే రాదు" అని భార్య సుందరమ్మ సణిగింది. ఆ సణుగుడే మనసులో ముల్లులా గుచ్చుకుని పాఠంలో ప్రశ్నగా బయటపడింది.

అయినా గురువుగారి జవాబు కోసం ఆగాడా? అబ్బే! మర్నాడు ఆయన వచ్చేలోగానే పని సగం కానిచ్చేశాడు. గదిలో లోపలి పెట్టె బిగించాడు. దుకాణంలో పనిచేసే ఇద్దర్నీ పిలిపించి, తాళ్ళేసి లాగి, మేడ గోడకి బయటివైపున ఇనప బ్రాకెట్ల మీద పెద్ద పెట్టెని కూర్చోబెట్టాడు. ఇక రెండు పెట్టెల్నీ కలిపే గ్యాస్ గొట్టాలే తరువాయి.

అవధానులు గారు వచ్చి ముందు గదిలోకి వెళ్ళారు. వాలు చూసే రసమట్టం తెమ్మని లోపలి పెట్టె మీద పెట్టి చూశారు. చెంబెడు నీళ్ళు అడిగి పెట్టె అడుగున ఉన్న తొట్టిలో పోశారు. నీళ్ళు ఒక్క బొట్టు లోపల పడకుండా గొట్టంలోంచి బయటికి పోయాయి. "భేష్, చక్కటి పని" అన్నారు. కోదండరామయ్య భార్యకేసి చూసి మీసం దువ్వుకున్నాడు.

తర్వాత ఆయన సందులోకి దిగి తలెత్తి బయటి పెట్టెని చూశారు. సరిగ్గా దాని కిందే పోలమ్మ ఇస్త్రీ బండి. ఏళ్ళ తరబడి అది ఆమె చోటు. పొద్దున పెట్టె పైకి లాగేటప్పుడు కోదండరామయ్య ఆమెని పక్కకి తప్పుకోమన్నాడు. లాగడం అయ్యాక ఆమె మళ్ళీ బండిని ఎప్పటి చోటికి తోసుకుని చీరలు మడతపెట్టుకుంటోంది.

"కోదండం, ఇక్కడ చల్లగా నీడగా ఉంది. నా విస్తరి ఇక్కడే వేయించు, పోలమ్మ బండి పక్కన" అన్నారు అవధానులు గారు.

"సందులోనా? ఎవరన్నా చూస్తే నవ్విపోతారండీ!"

"నవ్వనీ. పీట తెప్పించు."

సుందరమ్మ పీట వేసింది. ఆయన కూర్చోబోయారు. కోదండరామయ్య గబుక్కున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గురువుగారి చెయ్యి పట్టుకోవడం ఆయన జన్మలో అదే మొదలు.

"అక్కడొద్దండీ గురువుగారూ, అక్కడ మాత్రం వద్దు."

"ఏం? నువ్వు బిగించిందేగా!"

పాతకాలపు గోడ. నాలుగు బోల్టుల్లో ఒకటి తిరుగుతూనే ఉంది గాని పట్టు దొరకలేదు. మెషిన్ పెట్టేకొద్దీ ఇటుక పొడుంపొడుమై రాలింది. చివరికి ఆ కన్నంలో అగ్గిపుల్లలు కుక్కి, బోల్టు బిగించి, పైన సిమెంటు పూశాడు. ఇంట్లో మేకు నిలవకపోతే ఆయన ఎప్పుడూ చేసే చిట్కా అదే. పైనుంచి చూస్తే ముచ్చటగా ఉంది. లోపలున్న సంగతి ఆయన ఒక్కడికే తెలుసు. తలొంచుకుని ఆ మాట చెప్పేశాడు.

"ఓరి నాయనో!" అంటూ సుందరమ్మ నెత్తి బాదుకుంది. పోలమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే పట్టుకుని తలెత్తి పైకి చూసింది. తర్వాత బండిని సందు ఆ చివరికి తోసుకుపోయింది.

అన్నం చల్లారిపోతున్నా అవధానులు గారు విస్తరి ముందు కూర్చోలేదు. కోదండరామయ్య దుకాణం వాళ్ళని మళ్ళీ పిలిపించి, ఇద్దర్నీ మేడమీద ఉంచి, పెట్టెకి తాళ్ళు కట్టించి కిందికి దింపించాడు. అది నేలమీద ఆనాక బ్రాకెట్ పట్టుకుని ఊపితే ఆ బోల్టు అగ్గిపుల్లలతో సహా చేతిలోకి ఊడొచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని మెకానిక్‌కి ఫోను చేశాడు. వాడు మళ్ళీ పాత మాటే అన్నాడు, బారసాల దాటాకే.

ఆ తర్వాతి ఫోను ఇంకా కష్టమైంది. "చెల్లెమ్మగారూ, గది అప్పటికి తయారవదు. నేనే బిగించబోయి తప్పు చేశాను" అన్నాడు. అవతలినుంచి జవాబు కరుగ్గానే వచ్చింది. బారసాల అయిన సాయంత్రమే తల్లీ పిల్లాడూ బయల్దేరాలి, ఏసీ పెట్టించాక మళ్ళీ చూద్దాం అంది. గుమ్మంలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ప్రసూన కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కోదండరామయ్య కూడా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమటన్నట్టు.

మధ్యాహ్నం దాటాక వసారాలో అందరూ భోజనానికి కూర్చున్నారు. కోదండరామయ్య కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాడు. "ఇక నాకు అర్థమైంది గురువుగారూ. ఏ పనైనా తెలిసినవాడి చేతిలో పెట్టాల్సిందే. రేపట్నించి నేను మేకు కూడా కొట్టను" అన్నాడు.

"అదేం మాటయ్యా? లోపలి పెట్టె నువ్వేగా బిగించింది. ఏ మెకానిక్కూ అంతకంటే బాగా బిగించడు" అన్నారు అవధానులు గారు మజ్జిగ పోసుకుంటూ.

"మరి బయటిది?"

ఆయన మజ్జిగన్నం పూర్తిగా తిని, విస్తరి మడిచి లేచారు. చెయ్యి కడుక్కుని, సందు చివర ఎండలో ఇస్త్రీ చేసుకుంటున్న పోలమ్మ వైపు చూశారు.

"నా విస్తరి వెయ్యగానే గుర్తొచ్చింది నీకా బోల్టు. పోలమ్మ పొద్దుటినించీ ఆ పెట్టె కిందే నిలబడి ఉంది కదయ్యా, కోదండం" అన్నారు.