ముంతలరేవు నీలమ్మ వెలసిన వైనం

పూర్వం ఓడవర్తకానికి వచ్చిన ఒలందావారు, అంటే డచ్చివారు, కళింగతీరాన సరకుల కొఠీ కట్టుకుని ఉన్న దినాలలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ముంతలరేవు అనే కుమ్మరిపల్లె ఉండేది. ఆ పల్లెలో ఆదెమ్మ, జోగన్న దంపతులు కుండలు చేసి జీవించేవారు. కాలిన కుండలను జోగన్న పడవకెత్తి తీరం వెంబడి సంతలకు చేరవేసేవాడు. ఒక కార్తీకమాసంలో తుపాను రేగిన మూడవనాడు పడవ ఒడ్డుకు కొట్టుకువచ్చింది గాని జోగన్న రాలేదు.

నాటినుండి ఆదెమ్మకు కాలు నిలిచేది కాదు. మట్టి తొక్కుతూ తొక్కుతూ ఒడ్డుకు పరుగెత్తేది, ఒడ్డున నిలువలేక ఇంటికి మళ్లేది. భర్త ముఖం మరపున పడుతుందేమోనని గోడకు సున్నం పూసి బొగ్గుతో ఆయన రూపు గీసేది. వానజల్లు కొట్టినప్పుడల్లా అది చెరిగిపోయేది. పడవను మాత్రం, ఆయన వస్తే కావాలి కదా అని, పాకలో తడి తగలకుండా కాపాడుకునేది.

ఆ కొఠీలో కొర్నేలిస్ అనే చిత్రకారుడు ఉండేవాడు. మట్టిపలకలకు తెల్లని గాజుపూత పూసి, దానిపై నీలివర్ణంతో ఓడలను, పూలను రచించి కాల్చడం అతని దేశపు విద్య. కుండలివ్వడానికి వెళ్లిన ఆదెమ్మ ఆ పలకనొకదానిని తడికొంగుతో గట్టిగా రుద్ది చూసింది. నీలం చెదరలేదు. ఆ పని నేర్పమని అక్కడే పట్టుబట్టింది.

“కాల్చని పూత రంగును తాకగానే పీల్చేస్తుంది, గీసినది మళ్లీ దిద్దరాదు. నిలకడ లేని చేతికి ఇది అబ్బదు” అన్నాడు కొర్నేలిస్, తనకు వచ్చిన తెలుగులో.

“నిలకడొచ్చీదాకా ఆగితే ఆయన మొకం మరిసిపోతాను దొరా!”

ఆ మాటకు అతడు కుంచె ఆమె చేతికిచ్చాడు. ఎన్నో పలకలు పాడుచేసిన పిమ్మట, ఆషాఢంలో, పన్నెండు పలకలపై విడివిడిగా భర్త ముఖం గీసి కుండలు కాల్చే ఆవంలో పేర్చింది. పూత కరగవలసిన వేళకు కుంభవృష్టి పట్టుకుంది, కట్టెలన్నీ నానిపోయాయి. నీలిరంగునిచ్చే రాయి నిండుకుంది, కొర్నేలిస్‌ను స్వదేశానికి కొనిపోయే ఓడ రేవులో నిలిచి ఉంది. మంట ఆరితే ఇక అంతే. పల్లె మొత్తంలో పొడికట్టె ఆ పడవ ఒక్కటే. ఆదెమ్మ మూడుమార్లు పాకలోకి వెళ్లి ఉత్తచేతులతో తిరిగివచ్చింది. నాలుగవమారు గొడ్డలి పుచ్చుకుంది.

“రాలేని మనిషికి పడవెందుకు?” అని, తొలివేటు తానే వేసింది.

మూడవనాడు ఆవం విప్పితే పదకొండు పలకలు పగిలి ఉన్నాయి. పన్నెండవదానిలో జోగన్న ముఖం కరిగి ప్రవహించి, ఆ నీలిమలో ఒక స్త్రీమూర్తి, ఒక పాదం ముందుకు వేసి, ఎటో బయలుదేరినట్లు నిలిచి ఉంది. కొర్నేలిస్ టోపీ తీశాడు. పల్లెవారు గంగమ్మ అని చేతులు జోడించారు.

“నేను ఆయన్ని గీసినాను. ఈయమ్మ ఎక్కడికెళ్తంది?” అని ఆదెమ్మ అందరినీ అడిగింది.

అటుపిమ్మట కూడా ఆమె కాలు నిలువలేదు. అయితే సముద్రపుటొడ్డుకు పోవడం మాని, పలకను చంకనెత్తుకుని, చేపలవేటకు వెళ్లినవారు తిరిగిరాని ఇళ్లకు పోయి కూర్చునేది. ఆమె వెళ్లిన ఇంట ఆనాడు పొయ్యి వెలిగేది, అన్నం మానినవారు రెండు ముద్దలు తినేవారు.

ఆమె కాలం చేశాక ఊరివారు ఆ పలకకు గుడి కట్టి నీలమ్మ అని పేరు పెట్టుకున్నారు, ముంతలరేవు నీలమ్మరేవయింది. ఉప్పుగాలి గుడి రాళ్లనే తినేస్తున్నా పలకపై నీలం నేటికీ మాయలేదు. ఏటా ఆషాఢంలో తొమ్మిదిరోజులు గుడి తలుపులు బార్లా తెరిచే ఉంటాయి గాని లోపల అమ్మవారు ఉండదు. దూరంనుండి వచ్చిన భక్తులు ఖాళీపీఠానికి దండం పెట్టి, తల్లి ఈపూట ఎవరింట ఉందో కనుక్కుని, అటు నడుస్తారు.