రాజుగారి రాగి కంటె

ఎండ తప్ప మరో పంట సరిగా పండని ఒకానొక రాజ్యంలో వసంతమల్లుడనే రాజు ఉండేవాడు. మనసు చెడ్డది కాదు. ఎదురు చెప్పేవాళ్లు లేక పాడైన మనిషి. అద్దం ముందు నిలబడ్డాడంటే పొద్దు వాలిపోయినా తెలిసేది కాదు.

ఆయన కొలువులో కొమ్మన అని ఒక చమత్కారి ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన నోరు తెరిస్తే సభంతా పొట్ట పట్టుకునేది. ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, మాట మాత్రం ఇంకా పదునుగానే ఉంది. ఆ పదునే ఆయన ప్రాణం మీదికి వచ్చింది. కోట వాకిట్లో భటుడు "ఏదీ, ఒకటి విసరండి స్వామీ" అంటాడు. వంటశాలలోనూ అదే అడుగుతారు. ఒకసారి పాడె వెనక నడుస్తుంటే కూడా ఒకాయన చెవి దగ్గరికి వచ్చి, "మీరైతే ఇప్పుడేమంటారండీ" అన్నాడు. ఊరందరినీ నవ్వించి నవ్వించి కొమ్మన తన నవ్వు ఎక్కడ పెట్టుకున్నాడో మరచిపోయాడు.

ఆయనకు మిగిలిన చోటు ఒక్కటే, ఊరి చివర గుట్ట మీది శివాలయం. కొలువు ముగిశాక మెల్లగా మెట్లెక్కి, స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. పూజారి మితభాషి. ఒక మారేడుదళం చేతిలో పెట్టి తన పని తాను చూసుకునేవాడు. లింగం మీద వేలాడే ధారాపాత్ర నుంచి ఒక్కొక్క చుక్కే రాలేది. ఆ పాత్రను కట్టిన తాడు చీకిపోయి, ముడి మీద ముడి పడి ఉండేది. శివయ్య ఎవరినీ నవ్వించమని అడగడు. కొమ్మనకు అదే చాలు.

ఇలా ఉండగా ఒకనాడు రాజు ఆయుధశాలకు వెళ్లాడు. అక్కడ వెనకటి సేనాపతి గొలుసు కవచం కొయ్యకు తగిలించి ఉంది. చిన్న చిన్న ఇనప వలయాలు, ఒక్కొక్కటి చుట్టూ ఉన్న నాలుగింటిలో దూరి, నేత బట్టలా అల్లుకుని ఉన్నాయి. రాజు దాన్ని అరచేతిలోకి తీసుకుని వదిలాడు. నీళ్లలా జారింది.

"ఇదే అల్లికతో మాకు మెడకు కంటె కావాలి" అన్నాడు.

ఆయుధశాల పనివాడు సింగోజు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. ఏ లోహం పెట్టమంటారు ప్రభూ?"

"మేలిమి బంగారం. వేరే లోహం పొడ కూడా తగలకూడదు."

"వట్టి మేలిమి మెత్తన ప్రభూ. తమరు తల తిప్పినప్పుడల్లా వలయాలు నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం అయ్యేసరికి సగం కంటె ఒళ్లో ఉంటుంది. కాస్త రాగి కలిపితే నిలబడుతుంది."

రాజు పక్కనే ఆస్థాన పండితుడు నరహరి ఘనపాఠి ఉన్నాడు. రాజు ఏమనబోతున్నాడో ఆయన ముఖంలో చదివి, అది తానే ముందు అనడం ఆ పండితుడి విద్య. "ప్రభువుల మెడలో కలగలుపు సరుకా? ఎంత మాట" అన్నాడు.

"అంత మాటే" అన్నాడు రాజు.

"పోనీ, వెండి చేయనివ్వండి" అన్నాడు సింగోజు. "నల్లబడ్డా తుడిస్తే మళ్లీ తెల్లనే. ఒంటికి చేటు చేయదు."

"వెండితో ఆడవాళ్లు కాళ్లకు పట్టీలు చేయించుకుంటారు. కాళ్ల లోహం మా మెడకా?"

ఘనపాఠి కళ్లు మూసుకుని తెరిచాడు. "రాగి సూర్యుడి లోహం ప్రభూ. పొద్దుటి సూర్యుడి ఎరుపు. దానిలో ఏదీ కలపనక్కర్లేదు."

"రాగి చెమటకు ఊరుకోదు ప్రభూ" అన్నాడు సింగోజు గొంతు తగ్గించి. "మన ఎండలు తెలిసినవే కదా. చిలుం కక్కుతుంది."

"మా మెడ వంటింటి గిన్నె అనుకున్నావా, చిలుం పట్టడానికి?" అన్నాడు రాజు.

దానితో ఆ మాట ముగిసింది. సింగోజు రాగి తీగ లాగి, కడ్డీకి చుట్టి, వలయాలుగా కోసి, పట్టకారుతో ఒక్కొక్కటే అల్లుకుంటూ పోయాడు. చివర విప్పుకునే కొలికి ఎక్కడ పెట్టమంటారని అడిగితే, "తీసేసే ఉద్దేశం ఉన్నవాడికి కదా కొలికి" అన్నాడు రాజు. సరేనని సింగోజు ఆఖరి వలయాన్ని రాజుగారి మెడ మీదే బిగించాడు.

కంటె అందంగానే కుదిరింది. సభకు రాగానే అందరూ ఆహా అన్నారు. కొమ్మన కూడా అన్నాడు, అలవాటుగా.

ఎండలు ముదిరాయి. రాజు చెమట పట్టాడు. కొద్దిరోజులకే కంటె కింద మెడ చుట్టూ నీలిపచ్చ మరక దిగింది. ఒకనాడు నిండు సభలో అద్దం చూసుకుంటూ రాజు ఆ మరక మీద వేలు పెట్టి, "ఏమిటిది?" అన్నాడు. ఓ మూల నిలబడ్డ సింగోజు స్తంభం చాటుకు జరిగాడు.

అప్పుడు ఘనపాఠి లేచి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "నీలకంఠా" అన్నాడు.

రాజు అద్దంలో మరోసారి చూసుకున్నాడు. "నిజమా?" అన్నాడు. అడిగిన తీరులోనే నమ్మకం ఉంది.

"అయితే ఘనపాఠిగారూ, ఇది కాస్త పచ్చగా ఉందే" అని గొణిగాడు సేనాపతి.

"అవతారం ఇంకా లేతగా ఉంది. ముదిరితే నీలమవుతుంది" అన్నాడు ఘనపాఠి.

ఇక చెప్పేదేముంది. వచ్చే సోమవారం నుంచి గుట్ట మీది గుడి తలుపులు మూసేయాలని, దీపం, మారేడు, అభిషేకం అన్నీ కొలువులోకే రావాలని రాజు ఆజ్ఞ వేశాడు. సాక్షాత్తూ స్వామే సింహాసనం మీద కూర్చుంటే రాతికి పూజలెందుకని ఘనపాఠి ముక్తాయింపు పలికాడు. ఆ తరవాత రాజు కొమ్మన వైపు తిరిగి, "దీని మీద ఒకటి విసరవయ్యా" అన్నాడు.

కొమ్మన మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పి ఇంటికి పోయాడు.

ఇంట్లో భార్య అన్నెమ్మ పెరట్లో పీట వేసుకుని పూజ సామాన్లు తోముతోంది. మొగుడు అంత పెందలాడే రావడం చూసి, "ఏవండీ, నవ్వులు అయిపోయాయా ఇవాళ?" అంది.

"అయిపోయాయే. రాజుగారు శివుడయ్యాడు. గుడి మూసేస్తారట."

అన్నెమ్మ చెయ్యి ఆగింది. "శివుడెందుకయ్యాడు?"

"మెడ పచ్చబడింది."

"రాగి కంటె గదూ వేసుకున్నది?"

"ఊ."

"అయితే ఈ చెంబు కూడా శివుడే" అంది అన్నెమ్మ. చేతిలోని రాగి చెంబు మెడ చుట్టూ నీలిపచ్చ చిలుం గీతలా పట్టి ఉంది. "వారం రోజులు చూడకపోతే మన ఇంటినిండా నీలకంఠులే. దీనికి నేను చేసే అభిషేకం ఇదిగో" అని చింతపండు పిప్పి తీసుకుని ఒక్క రుద్దు రుద్దింది. చెంబు మెడ ఎర్రగా తేలింది.

కొమ్మన ఆ చెంబు వంక చాలాసేపు చూశాడు. "ఏమే, ఆ పిప్పి పారెయ్యకు" అన్నాడు.

"రాజుగారితో పరాచికాలా? ఈ వయసులో మీ మెడ మీదికి తెచ్చుకోకండి."

"ఆ గుడి మూసేస్తే నేను కూర్చునే చోటేదీ?" అన్నాడు కొమ్మన. అన్నెమ్మ చింతపండు కొత్తది తీసి నీళ్లలో నానేసింది.

సోమవారం సభ నిండిపోయింది. గుట్ట మీది పూజారి తాళంచెవి చేత్తో పట్టుకుని తలవంచుకు నిలబడ్డాడు. దాన్ని రాజుకు అప్పగించాలి. సింహాసనం కింద పాలు, పెరుగు, తేనె, నెయ్యి, పంచదార వరసగా పెట్టారు. కొమ్మన చేతిలో మూతపెట్టిన గిన్నె ఒకటి ఉంది.

"ప్రభూ" అన్నాడు కొమ్మన, "తాళంచెవి ఎక్కడికీ పోదు. ముందు స్వామికి అభిషేకం కానివ్వండి."

"కానివ్వండి" అన్నాడు రాజు.

"అయితే కంటె తీయాలి కదా."

రాజు చెయ్యి మెడ మీదికి పోయింది. "ఎందుకు?"

"గుడిలో నగలు తీశాకే కదా ప్రభూ స్వామికి స్నానం? నగలంటే మోజు విష్ణుమూర్తికి. శివయ్యకు నీళ్లంటేనే ఇష్టం. తమరు కంటె వదలలేమంటే మేము విష్ణ్వాలయం తాళంచెవి తెప్పించాలి. ఘనపాఠిగారిని అడగండి."

ఘనపాఠి అటూ ఇటూ చూశాడు. ఆలయాచారం కాదనడానికి వీల్లేదు. "అవును, తీసే చేస్తారు" అన్నాడు. సింగోజు పట్టకారు తెచ్చి, ఆఖరి వలయం విప్పి, కంటెను పక్కన పెట్టాడు. పూజారి నీళ్లు పోశాడు, పాలు పోశాడు. పెరుగు పోసేటప్పటికే మరక కాస్త పలచబడింది గానీ ఎవరూ గమనించలేదు. తరవాత కొమ్మన మూత తీశాడు.

"అదేమిటి?" అన్నాడు ఘనపాఠి.

"ఫలరసం. తింత్రిణీ ఫలం."

"తింత్రిణి అంటే చింతపండు కాదటయ్యా?"

"అయ్యా, తమరు తెలుగులో అంటే వంటింటి సరుకులా వినబడుతోంది. ప్రభువులకు పోసేది, సంస్కృతంలోనే ఉండనివ్వండి."

"సంస్కృతంలోనే పోయండి" అన్నాడు రాజు కళ్లు మూసుకుని.

కొమ్మన కింద ఒక పళ్లెం పట్టించి పోశాడు. పోసి, పిప్పితో మెల్లగా, అన్నెమ్మ చెంబును తోమినట్టే, మెడ చుట్టూ రుద్దాడు. తరవాత చెంబెడు నీళ్లు పోసి అద్దం తెమ్మన్నాడు.

రాజు కళ్లు తెరిచి చూసుకున్నాడు. అద్దంలో మామూలు మనిషి మెడ ఉంది, రాగి ఒరుసుకున్న చోట కాస్త ఎర్రగా.

"మా నీలకంఠం ఏదీ?" అన్నాడు రాజు. గొంతులో కోపం మొదలవుతోంది.

"పళ్లెంలో ఉంది ప్రభూ." కొమ్మన కింద పట్టిన పళ్లెం చూపించాడు. నీళ్లు పచ్చగా ఉన్నాయి. "ఆ గుట్ట మీది స్వామి లోకం కోసం విషం మింగాడు. యుగాల తరబడి నీళ్లు పోస్తున్నా ఆ నీలం పోలేదు. తమ మెడ మీదిది మా ఆవిడ చింతపండుకే జడిసింది."

"అంటే మమ్మల్ని గిన్నెను చేసి తోమావన్నమాట."

"తోమడం వరకే నేను ప్రభూ. చిలుం పడుతుందని సింగోజు ముందే మనవి చేశాడు. గిన్నె మాట తమ నోటనే వచ్చింది."

రాజు కళ్లు సింగోజు మీదికి పోయాయి, అక్కడినుంచి ఘనపాఠి మీదికి. "ఘనపాఠిగారూ, అవతారం ముదిరేలోపే రాలిపోయిందే. ఆ కంటె మీకు తొడిగించమంటారా? మళ్లీ మొలుస్తుందేమో చూద్దాం."

"నాకు చెమట ఎక్కువ ప్రభూ" అన్నాడు ఘనపాఠి.

రాజు పెదవి అదిరింది. కాసేపు బిగపట్టాడు. ఆ తరవాత చింతపండు పులుసు మెడ మీదినుంచి కారుతుండగానే పగలబడి నవ్వాడు. సభ కూడా నవ్వింది. ఘనపాఠి అందరికంటే ఒక్క క్షణం ముందే మొదలుపెట్టాడు.

నవ్వు తగ్గాక రాజు తాళంచెవి పూజారికే ఇచ్చేయమన్నాడు. "కొమ్మనా, మమ్మల్ని అపచారం నుంచి తప్పించావు. అగ్రహారం రాసియ్యనా? బంగారం కావాలా?"

"బంగారం మెత్తన ప్రభూ, నా దగ్గర నిలవదు" అన్నాడు కొమ్మన. "ఆ రాగి కంటె ఇప్పించండి. గుళ్లో ధారాపాత్ర తాడు చీకిపోయింది. ఈ వలయాలు విప్పి పొడుగ్గా అల్లితే మంచి గొలుసవుతుంది. నీళ్లకు చిలుం పట్టినా అక్కడ ఎవరూ తప్పు పట్టరు."

"అది స్వామికి. నీకేం కావాలి?"

"సోమవారాలు" అన్నాడు కొమ్మన. "ఆ ఒక్క రోజు నన్ను నవ్వించమని ఎవరూ అడగకూడదు. తమరు కూడా."

రాజు ఆయన ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అలా చూడడం అదే మొదటిసారి. "ఇచ్చాం" అన్నాడు.

మరుసటి సోమవారం కొమ్మన గుట్టెక్కి స్తంభానికి ఆనుకున్నాడు. సింగోజు అల్లిన గొలుసుకు ధారాపాత్ర కుదురుగా వేలాడుతోంది. చుక్క తరవాత చుక్క పడుతోంది. కాసేపటికి మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చున్నారు. తిరిగి చూస్తే రాజు. మెడలో సన్నటి వెండి అల్లిక ఉంది, వెనక కొలికితో సహా.

చాలా చుక్కలు పడ్డాయి. రాజుకు అంత నిశ్శబ్దం అలవాటు లేదు. వంగి, చెవి దగ్గర, "కొమ్మనా, ఏదైనా ఒకటి చెప్పవయ్యా" అన్నాడు.

"ఈరోజు సోమవారం ప్రభూ."

రాజు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని, గుడి కదా అని, చప్పుడు రాకుండా నవ్వాడు. ఆ పక్కన, స్తంభం నీడలో, కొమ్మన కూడా నవ్వాడు. పూజారి ఇద్దరి చేతుల్లో చెరొక మారేడుదళం పెట్టి వెళ్లిపోయాడు.