ఎలుగుబంటి కొట్టిన అరవై ఆరు కర్రలు

ఆ అడవిలో నేరేడు పళ్లు రంగు తిరిగాయంటే వేటా మేతా రెండూ వెనకబడేవి. అందరికీ బిళ్లంగోడు పిచ్చి. ఏటి ఒడ్డున ఖాళీ జాగా, అందులో చిన్న గుంట, గుంట మీద చెక్కబిళ్ల, చేతిలో మూరెడు కర్ర. బిళ్లను పైకి లేపి, గాల్లో ఉండగానే కొట్టాలి. అది ఎన్ని కర్రల దూరం పోతే అంత గొప్ప. ఆడేవాళ్లు నలుగురే, చూసేవాళ్లు మాత్రం అడవంతా. ఆడేవాళ్లకన్నా చూసేవాళ్లకే ఆట బాగా తెలుసు. ఇది ఎక్కడైనా ఉన్నదే.

దూరం కొలిచే పని తాబేలుది. మూడు తరాలుగా వాళ్ల వంశానిదే. ఎవరి దెబ్బను వాళ్ల కర్రతోనే కొలవాలన్నది ఆచారం. తాబేలు కర్రను నేల మీద పెట్టి, గీత గీసి, మళ్లీ పెట్టి, అలా గుంట నుంచి బిళ్ల దాకా వెళ్లేసరికి కుందేలు మూడు కునుకులు తీసేది. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు, లెక్క తప్పుతుందని భయం.

అడవి మొత్తం మీద పెద్ద దెబ్బ ముసలి కోతిది. అరవై రెండు కర్రలు. అది కొట్టిన పాత జాగా తర్వాత వరదలో కొట్టుకుపోయింది. బిళ్ల ఎక్కడ పడిందో చూపించడానికి ఇప్పుడు నేల కూడా లేదు, అంకె మాత్రం పెద్దబండ మీద చెక్కి ఉంది. రికార్డు ఎవరిదో నేరేడుచెట్టు కింది కొమ్మ వారిది. కూర్చోవడానికి వీలుగా వంగిన కొమ్మ, చెయ్యి చాపితే పళ్లు. కోతికి మోకాళ్లు పట్టేశాయి, ఇంకో చెట్టు ఎక్కలేదు. ఆ కొమ్మ ఉంది కాబట్టే దానికి ఇల్లూ తిండీ ఉన్నాయి.

చెట్టు కింద పొదలో నక్క ఉండేది. దానికి నేరేడు పళ్లంటే ప్రాణం, చెట్టెక్కడం రాదు. కోతి పళ్లు తిని గింజలు కిందికి ఊసేది. పదేళ్లుగా నక్క నెత్తిన గింజలే పడుతున్నాయి. ఒకప్పుడు కోతి నిద్రపోతుంటే తోక కొరికింది తానేనన్న సంగతి మాత్రం నక్కకు గుర్తులేదు.

ఒకరోజు అది ఎలుగుబంటి దగ్గరికి పోయింది.

“అల్లుడూ, నీ భుజాలు చూస్తే ఏనుగుకే కన్ను కుడుతుంది. ఆ ముసలోడి రికార్డు నువ్వు కొట్టలేవూ?”

“నాకెందుకు మావా రికార్డు? తేనె దొరికితే చాలు.”

“కొమ్మ నీదైతే పళ్లు నీవే కదరా. నువ్వు ఒక్క ఊపు ఊపితే రాలినవాటిలో నాలుగు నేను ఏరుకుంటాను. కర్ర నేనే చెక్కి ఇస్తా. బలానికి దుంపలు కూడా నేనే తెస్తా.”

ఎలుగు మంచిది. ఎవరేం పెట్టినా తింటుంది. నెల రోజులు నక్క తెచ్చిన దుంపలు తిని, నక్క చెక్కి ఇచ్చిన కర్రతో సాధన చేసింది.

పోటీ రోజున ఎలుగు కొట్టిన దెబ్బకు బిళ్ల ఈల వేసుకుంటూ పోయి తుప్పల అవతల పడింది. తాబేలు కొలిచింది. అరవై ఆరు కర్రలు.

అడవి దద్దరిల్లింది. “తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు,” అని అడవిపంది తనే కొట్టినంతగా గంతులేసింది. పొద్దు వాలకముందే ఇంకో కబురు పాకింది. ఎలుగు ఏనుగుదుంప తిని కొట్టిందట. అది తింటే ఏనుగు బలం వస్తుందట. ఈ కబురు కాకి చెవిన వేసింది వేరెవరో కాదు, నక్కే. తనవాడి మీద తనే పుకారు ఎందుకు పుట్టించిందో అప్పటికి ఎవరికీ తెలీదు.

మర్నాడు పెద్దబండ దగ్గర పంచాయితీ పెట్టారు. కోతిని దేవుడిలా కొలిచే నెమలి ముందుగా లేచింది.

“దుంప తిని కొట్టింది కూడా ఒక దెబ్బేనా? అది దుంప రికార్డు. బండ మీద దుంప పేరే చెక్కండి.”

“నేను పుట్టినప్పటి నుంచీ దుంపలే తింటున్నాను,” అంది అడవిపంది. “ఒక్కసారైనా బిళ్ల తగిలిందా నాకు? దుంపకు బలం ఉంటే ఉండొచ్చు, కన్నుందా? గాల్లో బిళ్లను చూసి కొట్టింది మావాడే కదా.”

“మా కోతితాత ఒట్టి ఏటి నీళ్లు తాగి కొట్టాడు,” అంది నెమలి.

“ఒట్టి నీళ్లా? ఆటకు ముందు తేనెతుట్టె పిండుకునేవాడని మా నాయన చెప్పాడు.”

అందరూ కోతి వైపు చూశారు. “ఒక్కసారి పిండుకున్నాను,” అంది కోతి. “ఈగలు కుట్టి కన్ను వాచింది. ఆ ఏడు పద్దెనిమిది కర్రలు కొట్టాను.”

“చూశారా, తిన్నానని ఒప్పుకున్నాడు,” అంది పంది.

“అయినా ఆ రోజుల్లో వెనక నుంచి గాలి వీచేదట,” అని గొణిగింది దుప్పి.

“ఆ రోజుల్లో నువ్వు పుట్టనే లేదు కదే,” అంది నెమలి.

“పుట్టకపోతే గాలి వీచదా?”

కుందేలుకు గొడవలంటే భయం. అందుకని మధ్యేమార్గం చెప్పింది. “అరవై ఆరు అని చెక్కి, పక్కన చిన్న చుక్క పెడదాం. చూసినవాళ్లకు ఇందులో ఏదో తిరకాసు ఉందని తెలుస్తుంది.”

“బండ మీద చుక్క పెడితే పిట్ట రెట్ట అనుకుంటారు,” అంది తాబేలు. “ఏడాదికోసారి తుడవాల్సింది నేనే.”

ఇంత గొడవలోనూ ఎలుగు ఓ పక్కన కూర్చుని అరికాలు గోక్కుంటోంది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అభిమానుల వాదనలో ఆటగాడికి పనేముంది?

అప్పుడు నక్క పెద్దమనిషిలా ముందుకొచ్చింది. “అయ్యా, దుంప తిన్నది నిజం. నేనే పెట్టాను. దాచుకోను. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. దుంప తిండా, మందా? నేలలో పుట్టింది, పచ్చిగా తిన్నాడు, వైద్యుడు ఇవ్వలేదు. తిండి కాకపోతే మరేమిటి? తిండి తప్పైతే మనమందరం తప్పు చేసినవాళ్లమే.”

తిండి మానమంటారేమోనని అందరికీ భయం పట్టుకుంది. ఎక్కువమంది తిండేనన్నారు. రికార్డు ఎలుగుకు పోయింది. మర్నాటి ఉదయానికి కోతి కొమ్మ ఖాళీ చెయ్యాలని తీర్పు.

కోతికి చాలా బాధ వేసింది. రికార్డు పోయినందుకు కొంత, ఈ మోకాళ్లతో ఎక్కడికి పోవాలన్నది ఎక్కువ. బండకు ఎలుగు కర్ర ఆనించి ఉంది. తనను ఓడించిన కర్ర ఎలా ఉందో చూద్దామని కోతి దాన్ని చేతిలోకి తీసుకుంది. ముప్పై ఏళ్లు కర్ర పట్టిన చెయ్యి అది. ఒకసారి ఆ చివర పట్టుకుంది, ఒకసారి ఈ చివర పట్టుకుంది. తర్వాత లేచి అందరికీ దండం పెట్టింది.

“తీర్పుకు కట్టుబడతాను. పోయే ముందు ఒక్క కోరిక. నేనూ ఒక ఏనుగుదుంప తిని, ఇదే గుంట దగ్గర, ఇదే కర్రతో ఒక దెబ్బ కొడతాను. మూడేళ్లుగా నేను నలభై దాటలేదని మీ అందరికీ తెలుసు. దుంపలో ఎంత బలం ఉందో తేలిపోతుంది.”

నక్క ఉలిక్కిపడింది. “దుంప తిను తాతా, నేనే ఇస్తా. కర్ర మాత్రం నీదే పట్టుకో. అలవాటున్న కర్ర అయితే చెయ్యి కుదురుతుంది.”

“ఎలుగు కొట్టింది దీంతోనే కదా నాయనా. అన్నీ సమానంగా ఉంటేనే దుంప సంగతి తేలేది.”

“సబబుగా ఉంది,” అంది నెమలి. దుంపకు బలం ఉందని తేలితే ఎలుగు రికార్డుకు మచ్చ పడుతుందని దాని ఆశ. “సబబే,” అంది పంది. దుంపకు బలం లేదని తేలుతుందని దాని నమ్మకం. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అడవిలో అదే మొదలు. ఎలుగు సరేనని తలూపింది. ఇంకొక్క ముక్క అంటే కర్ర మీద అందరి కన్నూ పడుతుందని నక్క వెనక్కి తగ్గింది.

కోతి దుంప నోట్లో వేసుకుంది. మోకాళ్లు వణుకుతుండగా గుంట దగ్గర నిలబడి, బిళ్ల లేపి కొట్టింది. దెబ్బ బాగానే తగిలింది కానీ ముసలి దెబ్బ. తాబేలు బయల్దేరింది. కుందేలు నిద్రపోయింది. చాలాసేపటికి లెక్క వచ్చింది. నలభై ఎనిమిది.

“ఒక్క దుంపకు ఎనిమిది కర్రలు,” అంది కాకి నోరు తెరిచి.

అడవిపంది ముఖం మాడిపోయింది. “ఇంత బలం ఉందా? అయితే అది మందే. రేపటి నుంచి ఎవరూ తినకూడదని కట్టడి చెయ్యాలి.”

“మందేమిటి?” అంది నెమలి వెంటనే. “నేలలో పుట్టింది తిండే. మా తాత తిన్నాడు, కొట్టాడు. తప్పేముంది?”

పొద్దున పంది అన్నవన్నీ ఇప్పుడు నెమలి అంటోంది, నెమలి అన్నవన్నీ పంది అంటోంది. ఇద్దరి గొంతులోనూ అదే కోపం. నక్కకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. “చూశారా నా దుంప మహిమ,” అంటూ తన దగ్గరున్న గంప తెచ్చి మధ్యలో పెట్టింది. తిండి అన్నవాళ్లూ మందన్నవాళ్లూ కూడా తలో దుంప అందుకుని నమిలారు. బలం వద్దనేవాళ్లు ఎవరుంటారు?

అందరూ మింగేదాకా కోతి ఆగింది. అప్పుడు నోట్లో వేలు పెట్టి, దవడ సంచిలోంచి దుంపను బయటికి తీసింది. దాని మీద పంటి గాటు కూడా లేదు.

“కోతి దవడ సంగతి మీకు తెలియనిదా? నేను తినలేదు.”

“మరి ఎనిమిది కర్రలు ఎక్కడి నుంచి వచ్చాయి తాతా?” అని కుందేలు అడిగింది.

“తాబేలూ, బండ మీద మీ తాతలు చెక్కిన మూర గీత ఉండాలి. ఆ కర్రను దాని పక్కన పెట్టి చూడు.”

తాబేలు బండ మీది నాచు గీకితే గీత కనిపించింది. “మా తాత రోజుల్లో ఆటకు ముందు ప్రతి కర్రనూ ఇక్కడ పెట్టి చూసేవారట,” అంటూ నసిగింది. “మా నాయన కాలంలో మానేశాం. పెద్దమనుషుల కర్రలను అనుమానించడం మర్యాద కాదని.”

కర్ర పెట్టి చూసింది. బెత్తెడు తక్కువ. కర్ర పొట్టిదైతే లెక్క పెరుగుతుంది. ఎలుగు చేతిలో ఏ కర్రైనా పుల్లలాగే ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. అందరూ దుంప గురించి జుట్లు పట్టుకుంటే కర్ర వంక చూసేవాళ్లే ఉండరని నక్క వేసిన ఎత్తు అది.

గీతకు సరిపోయే కర్రతో తాబేలు మళ్లీ కొలిచింది. కోతి దెబ్బ ఎప్పటిలాగే నలభై. ఎలుగు దెబ్బ యాభై అయిదు.

“యాభై అయిదు నేనే కొట్టానా?” అంది ఎలుగు ముఖం వెలిగిపోగా. “బాగానే కొట్టానే.”

“బాగా కొట్టావురా మనవడా,” అంది కోతి. “నీ వయసులో నేను కొట్టింది యాభై. కొమ్మ కోసం ఇంకో నాలుగేళ్లు ఆగు.”

నక్క తేలు కుట్టిన దొంగలా మెల్లగా జారుకోబోయింది. ఎలుగు దాని తోక మీద కాలు వేసి, గంపలో మిగిలిన దుంపలన్నీ దాని ముందు పోసింది. “తిను మావా. తిండే కదా.” అందరూ చూస్తుండగా నక్క చివరి దుంప దాకా తినాల్సి వచ్చింది.

అప్పుడే పంది గొంతు గోక్కుంది. తర్వాత నెమలి, దుప్పి, కాకి, కుందేలు. ఏనుగుదుంపా లేదు పాడూ లేదు, అది ఏటి గట్టున మొలిచే అడవి కంద.

“మీకూ దురద పుట్టిందా?” అంది ఎలుగు. “నాకు నెల రోజులుగా ఉంది. బలం ఎక్కుతోందేమో అనుకున్నాను.”

నక్కను తిడదామంటే ఎవరికీ గొంతు పెగల్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు పెద్దలు. ఆ అడవిలో రెండు రోజులపాటు కత్తిపీటలన్నీ నోరు మూసుకుని గోక్కుంటూ కూర్చున్నాయి. పొదలో నక్క ఊళ వెయ్యబోతే గురక వచ్చింది.

నీతి: కొలిచే కర్రను కొలవకుండా, కొట్టినవాడి తిండి మీద కొట్టుకుంటే మిగిలేది గొంతు దురదే.